చల్లని వాకిలి కింద సెగ

ఆ వారమంతా మబ్బు పట్టి ఉంది. మా ఊళ్లో రెండో విడత పత్తి ఏరుతున్నారు. తడిసిన పత్తిని కొనేవాడు లేక ఇంటి ముందు పరిచి ఆరబెడుతున్నారు. నేనూ ఆదివారం పొద్దుగూకేదాకా చేనులోనే ఉన్నాను. వేములవాడ దగ్గర ఒక పల్లె బడిలో సైన్సు చెబుతాను. మంచిర్యాల అవతల పనిచేసే ఒక మిత్రుడు తన బడి పిల్లలకు పరారుణ టెలిస్కోపుల గురించి ఒక గంట చెప్పమన్నాడు. కంటికి కనిపించని వేడి వెలుగును పట్టుకొని గ్రహాలను, తోకచుక్కలను చూసే టెలిస్కోపులవి. కొన్నేళ్లుగా వాటి గురించి దొరికినదల్లా చదువుతున్నాను కాబట్టి ఒప్పుకున్నాను.

సోమవారం ఆరు గంటలకు వేములవాడలో బస్సెక్కి ఏడు దాటాక కరీంనగర్‌లో దిగాను. కరెంటు పనులు చేసే ఒక పరిచయస్తుడి దగ్గర వేడిని బొమ్మగా చూపే చిన్న కెమెరా ఉంది. ఫోనుకు తగిలించుకోవచ్చు. అది అడిగి తీసుకొని జగిత్యాల, ధర్మపురి, రాయపట్నం వంతెన, లక్సెట్టిపేట మీదుగా మంచిర్యాల చేరేసరికి పదకొండున్నర. ఈ దారిలో బస్సులు తరచుగా ఉంటాయి, రానూపోనూ ఆరేడు వందలు చాలు. అక్కడి నుంచి షేర్ ఆటో. బడి ఉన్న కాలనీ పేరు చెప్పగానే డ్రైవర్ నా కాళ్ల వైపు చూశాడు.

"చెప్పులు గట్టియేనా సారు? గక్కడ భూమి కాలుతది. నేను మూల మలుపు కాడ్నే దించుత, లోపటికి రాను."

"టైర్లు కాలుతాయా?"

"టైర్లేం గావు. వాసనకు నాకే తల తిరుగుతది."

అతను చెప్పింది నిజమే. ఎప్పుడో మూతబడిన ఒక ప్రైవేటు బొగ్గు డిపో గుంతలను బొగ్గు పొడితో, మట్టితో పూడ్చి ఆ పైన ఇళ్లు కట్టుకున్నారు. ఇప్పుడు ఆ పొడి లోలోపల రాజుకుంటోంది. వీధి చివర పగుళ్లలోంచి పలచటి పొగ వస్తోంది. సగం వీధికి అడ్డంగా సున్నం గీత వేసి ఉంది. గీత లోపలి ఇళ్లవారికి వేరేచోట ఇళ్లిస్తారు, అవతలివారికి ఇవ్వరు. మర్నాడు తెల్లవారుజామున సర్వేవాళ్లు చివరిసారి కొలిచి గీత ఖాయం చేస్తారని మిత్రుడు చెప్పాడు.

బడిలో పిల్లలకు బొమ్మలు చూపించాను. దుమ్ము మేఘం వెనుక అప్పుడే పుడుతున్న నక్షత్రం. గురుగ్రహపు చందమామ ఒకదాని మీద రగులుతున్న అగ్నిపర్వతాలు. మన గాలిలోని నీటి ఆవిరి ఈ వెలుగును చాలావరకు మింగేస్తుంది కాబట్టి టెలిస్కోపును ఆకాశంలోకి పంపాలనీ, దాని సొంత వేడి చూపుకు అడ్డం రాకుండా దాన్ని విపరీతంగా చల్లబరచాలనీ చెప్పాను. మధ్యాహ్న భోజనం వండే రాజవ్వ గరిటె పట్టుకొని తలుపు దగ్గర నిలబడి వింది. పిల్లలు అన్నాలకు లేచాక దగ్గరికి వచ్చింది.

"సారూ, గంత దూరంల చుక్క మీది పొయ్యి కనవడితే మా ఇంటి కింది పొయ్యి కనవడదా?"

ఆమె ఇల్లు గీతకు పది పన్నెండు అడుగుల అవతల ఉంది. భర్త మల్లయ్య ఆ డిపోలోనే హమాలీ చేసినవాడు. ఇప్పుడు దమ్ముతో, ఆయాసంతో మంచం పట్టాడు. పొగ ఎక్కువైన రోజు కూర్చొని నిద్రపోతాడట. సొంతంగా వేరే ఇల్లు చూసుకునే స్తోమత లేదు. గీత లోపల పడితేనే ఆ పొగ నుంచి బయటపడతారు.

సాయంత్రం వెళ్లి కెమెరా పెట్టాను. పక్క వాకిలి ఎర్రగా, ఈమె వాకిలి నీలంగా కనిపించింది. గోడ కన్నా నేలే చల్లగా ఉంది. సర్వేవాళ్లకూ ఇలాగే కనిపించి ఉంటుంది. చేత్తో తాకి చూస్తే నేల తడిగా ఉంది.

"ఎన్నిసార్లు సాన్పు చల్లుతవమ్మా?"

"ఇదివరకు పొద్దుగాల ఒక్కసారే. ఇప్పుడు మూడుసార్లు. పేడ నీళ్లు చల్లకపోతే దుమ్ము లేస్తది, ఆయనకు దమ్ము వస్తది. ఎంత చల్లినా గంటలనే ఆరిపోతది సారూ."

కెమెరా నేల పైపొరనే చూస్తుంది. తడి ఆరేటప్పుడు ఆ పైపొర చల్లబడుతుంది. గ్రహణం పట్టినప్పుడు చంద్రుడి మీద మన్ను తొందరగా చల్లారుతుంది, బండలు వేడిని నిలుపుకుంటాయి. అలా ఎండ లేనప్పుడు చూస్తేనే అడుగున ఏముందో కొంత తెలుస్తుంది. కాబట్టి ఈ రాత్రి, రేపు పొద్దున చల్లొద్దని చెప్పాను.

రాజవ్వ లోపలి మంచం వైపు చూసింది. "మనిషి మంచంల ఉన్నడు. వాకిలి పొడిగుంటే ఆ ఇంట్ల సావయిందంటరు సారూ. నా చేతుల్తోని నేనే గట్ల జెయ్యాల్నా?"

లోపలి నుంచి మల్లయ్య, "పోనీయే. అనెటోళ్లు అంటరు," అన్నాడు. ఆ రెండు మాటలకే దగ్గు వచ్చింది.

ఆ రాత్రి మిత్రుడి ఇంట్లో పడుకొని, మర్నాడు ఐదున్నరకు మళ్లీ వెళ్లాను. వాకిలి పొడిగా ఉంది. రాజవ్వ గుమ్మంలో చీపురు ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. మూల మీద చాయ్ హోటల్ నడిపే యాకూబ్ అప్పటికే వచ్చి, టోపీ సర్దుకుంటూ గోడ వారగా నిలబడి ఉన్నాడు.

"వదినా, అన్న ఎప్పుడు పోయిండు? నాకు కబురన్న పెట్టకపోతివి."

"ఇంక పోలే భాయ్," లోపలి నుంచి మల్లయ్య అన్నాడు. "వచ్చినోనివి చాయ్ పట్టుకరాకపోతివా?"

యాకూబ్ నవ్వలేకపోయాడు. వెళ్లి చాయ్ తెచ్చాడు.

ఆరింటికి సర్వేవాళ్లు వచ్చి తమ వేడి కెమెరాతో కొలిచారు. ఈసారి వంటింటి గోడ పొడవునా నేల ఎర్రగా వచ్చింది. కెమెరా పట్టుకున్నతను మరోసారి కొలిచి, గీతను ఆమె ఇంటి అవతలికి జరిపాడు. యాకూబ్ ఇంటి దగ్గరా కొలిచారు. అక్కడి నేల మొదటి నుంచీ పొడిగానే ఉంది, నిజంగానే చల్లగా ఉంది. గీత అక్కడిదాకా రాలేదు.

"సల్లగుందంటే సంతోషపడాల్నో ఏడ్వాల్నో సమజైతలేదు సారు," అన్నాడు. పొగ అతని హోటల్లోకీ వస్తుంది.

తిరుగు బస్సులో గోదావరి దాటుతున్నప్పుడు, ముందురోజు సాయంత్రం, ఆ పొద్దున నేను తీసిన రాజవ్వ వాకిలి బొమ్మలు రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. సర్వేవాళ్లు మొదటిసారి తప్పుగా కొలవలేదు. భర్త ఊపిరి కోసం ఆమె ఎంత ఎక్కువ నీళ్లు చల్లితే, ఆ ఇల్లు అంత క్షేమంగా కనిపించింది. ఆ పొద్దున సాయం చేశానని నాకు అనిపించలేదు. ఒక ఇంటిని ఖాళీ చేయించే గీత జరగడం చూశాను, అంతే. మల్లయ్యకు అప్పటికే చాలా ఆలస్యమైందని ఆ దగ్గు విన్నవారెవరికైనా తెలుస్తుంది.

వేడి కెమెరాతో ఇలాంటి చోట్లకు వెళ్లేవారు ఎండ రాకముందే చూడండి. చూసేముందు నేలను తాకి అది తడిగా ఉందో పొడిగా ఉందో రాసుకోండి.

గురువారం పొద్దున మల్లయ్యను కరీంనగర్ ఆసుపత్రికి తీసుకెళ్లారు. ప్రాణంతో తిరిగి రాలేదు. ఆదివారం మధ్యాహ్నం రాజవ్వ సామాను ట్రాలీ ఆటోలో వేసుకొని లక్సెట్టిపేట దగ్గర ఇచ్చిన ఇంటికి ఒక్కతే వెళ్లింది.