చలవ మాస్టారి వేడి

ఈ లోకంలో మనిషికి వచ్చే జబ్బు ఒక్కటేనని, దాని పేరు వేడి అని చలవ మాస్టారు గట్టిగా నమ్మేవారు. తలనొప్పి వస్తే వేడి. జలుబు చేస్తే వేడి. పన్ను పుచ్చితే వేడి, పిల్లవాడు లెక్కల్లో తప్పితే వేడి, మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోకపోతే ఇద్దరికీ వేడి. ఇన్ని రోగాలకూ ఆయన దగ్గర మందు ఒక్కటే, నీళ్ళు. పెద్ద రోగమైతే పెద్ద గ్లాసు.

ఇంతకీ ఆయన వైద్యుడు కాదు, దర్జీ. సందులోకి తిరగగానే రెండో ఇల్లు. ముందు గదిలో రెండు కుట్టు మిషన్లు, బట్ట కత్తిరించే బల్ల, ఒక మూల పెచ్చు ఊడిన నిలువుటద్దం, గుమ్మం పక్కన మూత పెట్టిన నీళ్ళ కుండ. కొలతలకు వచ్చినవాళ్ళు ముందు ఆ కుండ దగ్గర ఆగాల్సిందే. గ్లాసు ఖాళీ అయ్యాకే మాస్టారి మెడలోంచి టేపు కిందికి దిగేది. అలా కడుపు నిండా నీళ్ళతో కొలతలిచ్చిన పాపానికి ఆ వీధిలో మగవాళ్ళందరి ప్యాంట్లూ నడుము దగ్గర వేలెడు వదులుగా ఉండేవి. ఎవరైనా వచ్చి అడిగితే, "గాలి ఆడాలి కదా, లేకపోతే వేడి చెయ్యదూ?" అనేవారు.

మిషను మొరాయించినా అంతే. నూనె వెయ్యడానికి ముందు దాని మీద తడిగుడ్డ కప్పి పది నిమిషాలు పడుకోనిచ్చేవారు.

ఒకసారి పోస్ట్‌మ్యాన్ సైకిలు మీంచి పడి, చేతికి కట్టుతో వచ్చాడు. మాస్టారు అతన్ని కూర్చోబెట్టి గ్లాసు నింపి ఇచ్చారు.

"వేడి చేసి కళ్ళు తిరిగాయి. అందుకే పడ్డావు."

"నాకేం కళ్ళు తిరగలేదు మాస్టారూ. కుక్క అడ్డొచ్చింది."

మాస్టారు గ్లాసును ఇంకొంచెం ముందుకు జరిపారు. "అయితే ఆ కుక్కకి చేసి ఉంటుంది" అన్నారు.

ఆ గదిలో కిటికీ పక్కన స్టూలు మీద మాస్టారి మేనకోడలు కూర్చునేది. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయాక మామయ్య ఇంటికి వచ్చి, హుక్కులూ కాజాలూ కుట్టడం నేర్చుకుంది. రోజు మొత్తం మీద ఆ పిల్ల మాట్లాడే మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అయితే మామయ్యకు దగ్గరి చూపు ఆనేది కాదు కనుక, కొలతల పుస్తకం మాత్రం ఆమె చేతిలోనే ఉండేది. ఆయన టేపు పట్టి అంకె చెబితే ఆమె రాసేది. వీధిలో ఎవరు లావెక్కారో, ఎవరి భుజం ఒంగిందో, ఎవరి పిల్ల ఈ ఏడు జానెడు ఎదిగిందో ఆమెకు తెలిసినంతగా ఆ ఇళ్ళవాళ్ళకే తెలిసేది కాదు. తెలిసినా, ఎవరితోనూ అనేది కాదు.

ఊరంతా మాస్టారి వైద్యానికి నవ్వుకున్నా, ఆయన్ని నమ్మిన రోగి ఒకరున్నారు. ఆవిడ ఆయన భార్య, ఆ పిల్లకు అత్తయ్య.

అత్తయ్య మొదటినుంచీ మొగుడి నీళ్ళను పెద్దగా లెక్కచేసిన మనిషి కాదు. అలాంటిది ఆ ఏడాది ఉన్నట్టుండి చెంబులకు చెంబులు తాగడం మొదలుపెట్టింది. అన్నం మధ్యలో లేచి తాగేది, తాగి కూర్చున్న వెంటనే మళ్ళీ నాలుక పిడచగట్టుకుపోతోందనేది. మాస్టారి ఆనందానికి అంతు లేదు. వచ్చినవాళ్ళందరికీ ఆవిణ్ణి చూపించేవారు. "ముప్పై ఏళ్ళకు మా ఇంట్లో బుద్ధి వచ్చింది. చూసి నేర్చుకోండి."

పొద్దస్తమానం పెరట్లోకి వెళ్ళొస్తోందంటే, అన్ని నీళ్ళు తాగితే వెళ్ళక ఏం చేస్తుంది అనుకున్నారు. చెప్పు కరిచిన చోట కాలి మీద పుండు నెల దాటినా మానలేదు. పాత చెప్పులదే తప్పు అనుకున్నారు. ఒక్క దెబ్బకు సూదిలో దారం ఎక్కించే మనిషి మూడుసార్లు తడుముకుంటూంటే, వయసు మీద పడుతోంది అనుకున్నారు. మనిషి చిక్కిపోయింది. దానికైతే పక్కింటావిడ అసూయపడింది కూడా. "ఏం తింటున్నావు, ఏం మానేశావు, నాకూ చెప్పమ్మా తల్లీ" అని వెంటపడేది. అత్తయ్య మురిసిపోయి, ఏమీ మానలేదని, ఆకలి కూడా ఎక్కువైందని చెప్పేది.

స్టూలు మీది పిల్లకు మాత్రం ఇవన్నీ విడివిడి సంగతులుగా కనిపించలేదు. ఒకే దారం మీద కుట్లలా కనిపించాయి. ఆ దారం పేరేమిటో ఆమెకు తెలియదు.

ఒక మధ్యాహ్నం అత్తయ్య కొత్త జాకెట్టు గుడ్డ తెచ్చుకుని అద్దం ముందు నిలబడింది. మాస్టారు ఆవిణ్ణి చూడకుండానే కుట్టగలరు. అయినా పద్ధతి పద్ధతేనని ఏడాదికోసారి కొలిచేవారు. నడుము చుట్టూ టేపు తిప్పి అంకె చూశారు. విప్పి మళ్ళీ తిప్పారు. చెయ్యి దూరంగా పెట్టి చూశారు.

"ముప్పై" అన్నారు. మేనకోడలు పైగడిలో చూసుకుంది. నిరుడు ముప్పై నాలుగు.

"ఈ టేపు సాగిపోయింది. ముప్పై నాలుగే రాసుకో అమ్మాయ్" అన్నారు మాస్టారు.

ఆయన చెప్పిన అంకె కాకుండా వేరే అంకె ఆమె ఏనాడూ రాయలేదు. ఆ రోజు ముప్పై అని రాసి పుస్తకం మూసేసింది. అత్తయ్య పనిలో పనిగా, పాత జాకెట్లు నాలుగూ జారిపోతున్నాయని, బిగించమని ఇచ్చి వెళ్ళింది. మాస్టారు వాటిని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు మిషను తొక్కలేదు.

మూడు రోజులు ఆ పిల్ల లోపల్లోపలే మాటలు పేర్చుకుంది. మామయ్య వైద్యం తప్పు అనడానికి తనెవరు? అలాగని ఊరుకుంటే వచ్చే ఏడు గడిలో ఏ అంకె రాయాలి? ఆ ఆలోచన వచ్చాక ఇక కూర్చోలేకపోయింది. నాలుగో రోజు అత్తయ్య కునుకు తీస్తున్న వేళ పుస్తకం తీసుకెళ్ళి బల్ల మీద తెరిచి పెట్టింది.

"మామయ్యా, టేపు సాగలేదు. చెక్క స్కేలు పక్కన పెట్టి చూశాను."

ఆయన గుడ్డ మీద సుద్దతో గీత గీస్తూనే ఉన్నారు.

"దాహం కూడా వేడి కాదేమో మామయ్యా. డాక్టరమ్మకి చూపిద్దాం."

మాస్టారు పుస్తకం మూసి ఆమె చేతికిచ్చారు. "వేడే" అన్నారు. ఆ పిల్ల స్టూలు దగ్గరికి వెళ్ళి, ఆ సాయంత్రమంతా ఒకే హుక్కును మూడుసార్లు కుట్టి మూడుసార్లు విప్పింది.

మర్నాడు పొద్దున్నే ముందు గదిలోంచి పెద్ద మూలుగు వినిపించింది. మాస్టారు కత్తిరింపు బల్ల మీద వెల్లకిలా పడుకుని, నెత్తిన తడిగుడ్డ వేసుకుని ఉన్నారు. తనకు వేడి చేసిందని, ఇది మామూలు వేడి కాదని, నీళ్ళకు లొంగదని, డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్ళమని చెప్పారు. అత్తయ్య గాభరాపడిపోయింది. ఆవిడ తన కోసమైతే చచ్చినా ఆసుపత్రి గడప తొక్కే మనిషి కాదు. సూదంటే అంత భయం.

వీధి వీధంతా తలుపుల్లోకి వచ్చి చూసింది. నీళ్ళకు లొంగని జబ్బు ఉందని మాస్టారే ఒప్పుకోవడం ఎవరూ కనీవినీ ఎరగరు. పోస్ట్‌మ్యాన్ సైకిలు దిగి, "కుక్కేమైనా అడ్డొచ్చిందా మాస్టారూ" అని పరామర్శించాడు.

డాక్టరమ్మ ఛాతీ చూసింది, నాలుక చూసింది. గుర్రంలా ఉన్నారంది. అయినా మాస్టారు వేలు చాపి, నెత్తురు చూడాల్సిందేనని పట్టుబట్టారు. వేలికి సూది గుచ్చగానే భార్య వైపు తిరిగి, "చీమ కుట్టినట్టు కూడా లేదే. ఎలాగూ వచ్చాం, నువ్వూ చూపించుకో" అన్నారు. అంత పెద్ద జబ్బుమనిషి అడుగుతుంటే కాదనలేక అత్తయ్య కళ్ళు మూసుకుని చెయ్యి ఇచ్చింది.

ఆవిడ కళ్ళు మూసుకున్న ఆ క్షణంలోనే మాస్టారు జేబులోంచి ఒక కాగితం తీసి డాక్టరమ్మ ముందుకు తోశారు. వెనక నిలబడ్డ మేనకోడలు మెడ చాచి చూసింది. వంకర టింకర అక్షరాలతో, కళ్ళు ఆనకపోయినా ఆయనే రాసుకున్నది. నిరుడు నడుము ముప్పై నాలుగు, ఈ ఏడు ముప్పై. నిన్న తాగిన చెంబులు పదకొండు. కాలి పుండు నలభై రోజులు. అడుగున, 'టేపు సాగలేదు' అని ఉంది.

అత్తయ్య ఒంట్లో చక్కెర ఉండాల్సిన దానికి మూడింతలుంది. ఆవిడ అస్సలు ఒప్పుకోలేదు.

"నేను తీపి ముట్టనైనా ముట్టను డాక్టరమ్మా. నాకెందుకొస్తుంది?"

"తీపి తినేవాళ్ళకే వస్తుందని ఎవరు చెప్పారు? అంత దాహం, పోయిరావడాలు, ఊరికే చిక్కిపోవడం, మానని పుండు. ఒళ్ళు ఇన్నాళ్ళుగా చెబుతూనే ఉంది. ఇంకొంచెం ఆలస్యమైతే ప్రమాదమయ్యేది." డాక్టరమ్మ కాగితం మడుస్తూ, ఇదంతా కనిపెట్టిందెవరని అడిగింది.

మాస్టారు వెనక్కి చూపించారు. "మా మేనకోడలు. దానికి మాటలు తక్కువ, కళ్ళెక్కువ." ఆ పిల్ల సిగ్గుతో గుమ్మం అవతలికి వెళ్ళిపోయింది.

మందులు మొదలయ్యాయి. పుండు మానింది, దాహం మామూలుకొచ్చింది. మాస్టారి వైద్యం మాత్రం ఆగలేదు. ఎవరొచ్చినా ముందు వేడి అనేవారు, గ్లాసు ఇచ్చేవారు. కాకపోతే తాగుతుండగా ఓరకంటితో చూసి, రెండో గ్లాసూ మూడో గ్లాసూ అడిగిన వాళ్ళతో, "ఈ వేడి నావల్ల కాదు. డాక్టరమ్మ దగ్గర తగ్గుతుంది, పద" అని వెంటబెట్టుకు వెళ్ళేవారు. జబ్బు అంటే అడుగు కదపనివాళ్ళు కూడా, వేడే కదా అని ధీమాగా నడిచేవారు.

ఆరు నెలలకు అత్తయ్య నడుము ముప్పై రెండున్నర. ఆ అంకె రాసేటప్పుడు మేనకోడలు గడి దాటేంత పెద్దగా రాసింది. బిగించిన జాకెట్లు ఇప్పుడు ఊపిరాడనివ్వడం లేదని అత్తయ్య గొణుగుతూ తెచ్చి పడేసింది. ఆ పిల్ల ఒకదాన్ని తిరగేసి పక్క కుట్టు విప్పింది. బిగించాక మిగిలిన గుడ్డను కత్తిరించి పారెయ్యడం మాస్టారి పద్ధతి. ఇక్కడ ఒక్క నూలుపోగు కూడా తెగలేదు. నాలుగు జాకెట్లలోనూ మిగులు గుడ్డంతా లోపలికి చక్కగా మడిచి, ఎప్పుడంటే అప్పుడు విప్పుకునేలా పెద్ద పెద్ద కుట్లు వేసి ఉంది.

"వీటినెందుకు కత్తిరించలేదు మామయ్యా?"

మాస్టారు మిషను మీద తడిగుడ్డ సర్దుతూ, ఇటు తిరగకుండానే జవాబిచ్చారు.

"కత్తిరిస్తే గుడ్డకి వేడి చేస్తుందమ్మాయ్."