కుడి మూలకే వస్తాడు

డిగ్రీ చివరి ఏడాదిలో మా కాలేజీ కబడ్డీ జట్టు ఫైనల్‌కి చేరింది. ఆట వైజాగ్‌లోనే. సబ్బవరం నుంచి మా అమ్మ కూడా చూడ్డానికి వచ్చింది.

జట్టులో కూతకి వెళ్ళే అసలు ఆటగాడు సన్యాసిరావు. వరుసగా రెండు కూతలకి పాయింటు రాకపోతే, మూడో కూతకి తెచ్చి తీరాలి, లేకపోతే అవుట్. సన్యాసిరావు అవుట్ కాకూడదని, ఆ మూడో కూతకి మాత్రం కోచ్ గారు నన్ను పంపేవారు. నాకు నేర్పింది ఒక్కటే: కుడి మూలకి దూసుకెళ్ళి, కాలితో తాకి వచ్చేయడం.

చివరి నిమిషంలో ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. మూడో కూత వచ్చింది. సన్యాసిరావు నా వీపు తట్టి, "ఎల్లు బావా" అన్నాడు.

నేను గీత దాటకముందే అవతలి కెప్టెన్ నవ్వుతూ అరిచాడు.

"ఈడు కుడి మూలకే వత్తాడ్రా!"

ఈసారి ఎడమకి వెళ్దామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. కాళ్ళు కుడికే పోయాయి. ఐదుగురు మీద పడ్డారు. చెయ్యి ఎంత చాచినా గీత అందలేదు.

"ఎడమకి ఎల్లనేకపోయావేట్రా?" అన్నారు కోచ్ గారు. రెండేళ్ళలో ఆయన ఒక్కసారైనా నన్ను ఎడమకి పంపలేదు.

బస్సులో అమ్మ అడిగింది. "అన్నిసార్లు ఆ సన్యాసిరావే ఎల్లినాడు. నిన్నెప్పుడు ఆడనిత్తారు నాయినా?"

ఇప్పుడు అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీలో రిలీవర్‌ని. ఎవరైనా భోజనానికి లేస్తే వాళ్ళ మెషిన్ దగ్గర నిలబడి, వాళ్ళు రాగానే పక్కకి తప్పుకోవడం నా పని. ఇంటికెళ్ళాక అమ్మ ఏమీ అడగదు. అన్నం పెడుతుంది.

— అప్పలరాజు, సబ్బవరం