డప్పు లేని చాటింపు

మావయ్య పోయాడు. శివరాత్రి వెళ్ళింది, ఇక చలి లేదని ఊరంతా దుప్పట్లు ఉతికి దండేల మీద ఆరేసుకున్న వారంలోనే ఉత్తరపు గాలి మళ్ళీ తిరిగింది. ఆ గాలి తిరిగిన పొద్దున్నే పోయాడు. నేను గోదావరి అవతల ఒక పేటలో ప్రార్థన ముగించుకుని పడవలో వస్తున్నాను. ఎదురొచ్చే పడవలోంచి మా చిన్నాన్న కేక వేశాడు: "ఒరే, మీ మావయ్య ఎల్లిపోయాడ్రా!" గాలికి ఎదురుగా నిలబడి అరిచాడేమో, సగం మాట గాలే తినేసింది. మావయ్య ఉంటే ఆ అరుపుకి ముందు చిన్నాన్ననే తిట్టేవాడు.

ఆయన మా అమ్మకి తమ్ముడు. కొత్తపేటకి దిగువన గోదావరి పాయ పక్కనున్న మా ఊరికి చాటింపు ఆయనదే. పన్ను కట్టమన్నా, కాలవ కడుతున్నారన్నా, వాన వస్తుందన్నా, చలి ముదురుతుందన్నా, డప్పు భుజాన వేసుకుని వీధి వీధికీ నిలబడి చెప్పేది మావయ్యే.

మర్నాడు పాడె లేపే ముందు మునసబుగారి అబ్బాయి వచ్చాడు. తండ్రి పోయాక ఇప్పుడు ఊరి పెత్తనం ఈయనదే. పాలేరు చేత ఒక పాత డప్పు మోయించుకొచ్చి మావయ్య ఇంటి అరుగు మీద పెట్టించాడు. పూలదండ వేశాడు. కళ్ళు కూడా తుడుచుకున్నాడు. "మా నాన్నగారి హయాంలో ఇన్నేళ్ళు చాటింపు వేసేడండీ. ఒక్కనాడూ ఆయన మాట జవదాటలేదు. అప్పటి డప్పే ఇది. ఇది వేసి సాగనంపండి," అన్నాడు. జనం తలలూపారు. మా సంఘం పెద్దలు కూడా ఊపారు.

నా ఒళ్ళు మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది. కోపపడు గాని పాపం చెయ్యకు అని వాక్యం. మొదటిది బాగానే చేస్తున్నాను, రెండోది చూద్దాం. ఆ అబ్బాయి అన్నది అబద్ధం. దండతో పాటు శవం మీద వేసిన అబద్ధం. మావయ్య ఆ మాట దాటాడు. ఒక్కసారే దాటాడు. ఆ ఒక్కసారిని మట్టితో కలిపి పూడ్చేస్తుంటే నేను చూస్తూ ఊరుకోను.

కొందరు నన్ను అడిగారు: "ఆయన బాప్తిస్మం పుచ్చుకోలేదు కదండీ, ప్రార్థనకొచ్చినా గుమ్మం అవతలే కూర్చునేవోడు. ఆయన గురించి మీరు రాయడమేంటండీ?" అని. అయ్యలారా, దేవుడు కోట గోడ మీద కావలివాణ్ణి నిలబెట్టినప్పుడు నువ్వు ఏ గుమ్మంలో కూర్చుంటావని అడగలేదు. కత్తి వస్తుంటే బూర ఊదుతావా, ఊదవా అన్నదొక్కటే అడిగాడు.

చాటింపుకి బయల్దేరే ముందు మావయ్య పేట మొగలో తాటాకులు పోగేసి మంట పెట్టేవాడు. చలికి, మంచుకి డప్పు తోలు చెమ్మ పట్టి వదులవుతుంది. మంట మీద కాగితే బిగుస్తుంది. ఆ మంట లేస్తే చాలు, ఇవాళ ఏదో కబురుందని పేటంతా వచ్చి చుట్టూ చేరి చేతులు కాచుకునేది. మావయ్య తోలుని వేళ్ళతో మీటి, చెవి దగ్గర పెట్టుకుని, "ఊఁ, లేచిందమ్మా మహాతల్లి" అనేవాడు. తరవాత గాలి ఎటుందో చూసి, దానికి వీపు పెట్టి నిలబడి, గొంతెత్తేవాడు. చలి కబురైతే చాటింపు అయిపోయాక కూడా ఇంటికి పోయేవాడు కాదు. ముసలివాళ్ళ గుమ్మాల దగ్గర ఆగి, "అమ్మమ్మా, దుప్పటి అటక మీద పెట్టేసేవా? దింపించనా?" అని అడిగి, దింపి ఇచ్చి మరీ వెళ్ళేవాడు.

నేను బోధ మొదలుపెట్టిన కొత్తలో ఒక కూటంలో గొంతు చించుకుని అరిచాను. వెనక వరసకి ఒక్క ముక్క చేరలేదు. అందరూ వెళ్ళాక మావయ్య పిలిచాడు. "అల్లుడూ, దేవుడి మాటైనా గాలే మొయ్యాలి. ముందు గాలెటుందో చూడు, తరవాత నోరు తెరువు." ఏ బోధకుల బడికీ వెళ్ళినవాణ్ణి కాను నేను. నా బడి అదే.

ఇంకో మాట కూడా తరచూ అనేవాడు. "ఊరి మాట నేను పెంచను, తుంచను. మోసేవోడు మధ్యలో దింపకూడదు."

మునసబుగారి సావిట్లోకి బ్యాటరీ రేడియో వచ్చాక ఆయన పని పెరిగింది. సాయంత్రం వార్తల చివర వాతావరణం చెప్పేవారు. ఊరికి పనికొచ్చేది ఏదన్నా ఉంటే మావయ్య మెట్ల కింద నిలబడి విని, మర్నాడు చాటేవాడు. అన్నీ నిజమయ్యేవి కావు. చినుకు పడుతుందన్న రోజున ఎండ పేలిపోతే మా చిన్నాన్న వదిలేవాడు కాదు. వరసకి ఇద్దరూ బావలు.

"ఏం బావా, నీ వానేదీ? దార్లో తాగేసేవేటి?"

"వాన నాది కాదు బావా, రేడియోది. నేను మోసుకొచ్చేనంతే. పడకపోతే ఎళ్ళి దాన్నడుగు, దానికీ చెవులుంటే."

స్వరాజ్యం వచ్చిన తొలి యేళ్ళలో ఒక ఫాల్గుణం. పేటవాళ్ళం కలిసి గోదావరి మధ్య లంకలో కొంత భూమి కౌలుకు తీసుకుని, ఇంటికింత అని పంచుకుని మినుము వేశాం. పండింది, పీకాం, ఎండడానికి చేలోనే పరిచి వదిలాం. ఆ యేడు మా పేట తిండి అదే. కుప్ప వేసి తాటాకు కప్పుకుంటే బతికినట్టు. తడిసిందా, మొలకెత్తి బూజు పట్టి గొడ్డు కూడా ముట్టదు. కాని మాది అలా పరిచి ఉండగానే మేమంతా మునసబుగారి చేలో కూలికి ఉన్నాం. వారి మినుము ఇంకా పీకడం అవ్వలేదు. మనదానికేం తొందర అనుకున్నాం. శివరాత్రితో చలి శివశివా అంటూ పోయింది, ఎండలు ముదురుతున్నాయి, ఇక వానెక్కడిది?

ఆ సాయంత్రం ఉక్క పోస్తోంది. నేను ప్రార్థన మందిరం మెట్టు మీద కూర్చుని వాక్యం చూసుకుంటున్నాను. మావయ్య వచ్చాడు. భుజాన డప్పు లేదు. డప్పు లేని మావయ్యని చూడడం నాకు అదే మొదలు. పక్కన కూలబడి, జరిగింది చెప్పాడు.

రేడియో చెప్పిందట: ఉత్తరాది చలిగాలులు కిందికి దిగుతున్నాయి, కోస్తాలో మబ్బు పట్టి వానలు పడవచ్చు అని. మునసబుగారు రేడియో కట్టేశారట.

"ఇది ఇప్పుడే చాటకురా. ఎల్లుండి చాటు."

"ఎల్లుండికి వాన వచ్చేత్తాదేమోనండి."

"ఇప్పుడు తెలిస్తే మీ వాళ్ళలో ఒక్కడన్నా నా చేలోకి వస్తాడా? అందరూ లంకకి పరిగెడతారు. చెప్పొద్దనటం లేదురా, ఎల్లుండి చెప్పమంటున్నాను. ఈలోపు కోనసీమ ఏం మునిగిపోదు."

"ఆయ్, అలాగేనండి."

"ఆ డప్పు ఇక్కడ పెట్టి వెళ్ళు. నీ చేతికి దురదెక్కువ."

తిట్టలేదు, కొట్టలేదు. మా వైపు పెద్దలు ఎంత మర్యాదగా పీక నులుముతారో మీకు తెలియనిది కాదు. వాన దేవుడిది. గాలి దేవుడిది. కబురు రేడియోది. అది పట్టుకుని తన సావిట్లో తాళం వేసుకున్నారు. కరువులో ధాన్యం బిగబట్టినవాణ్ణి జనం శపిస్తారని వాక్యంలో ఉంది. వాన కబురు బిగబట్టినవాణ్ణి ఏమనాలో ఆ మాట చెప్పిన జ్ఞానికి కూడా తోచి ఉండదు.

"అల్లుడూ, నీ పుస్తకంలో కబురు మోసేవోడి గురించి ఏవైనా ఉందేటి?" అని అడిగాడు మావయ్య.

కావలివాడి సంగతి తీసి చదివాను.

"బూర ఊదకపోతే, పోయినోళ్ళ నెత్తురు ఆ కావలోడి మీదేనంటాడా?"

"అంటాడు."

"బూర లాగేసుకుంటే?"

"అది రాయలేదు మావయ్యా."

"రాయలేదంటే, నోరుంది కదా అనేమో," అన్నాడు. లేచి తువ్వాలు దులుపుకున్నాడు. "ఆయ్ అనేసొచ్చేన్రా. ఎప్పుడూ అన్నమాట తప్పలేదు. ఏం చేత్తాం, పెంచను తుంచను అన్నోణ్ణి, ఇవాళ తుంచమన్నారు."

తెల్లవారి మునసబుగారి చేలోకి జనం బయల్దేరే వేళకి పేట మొగలో తాటాకు మంట లేచింది. అలవాటుగా అందరూ వచ్చారు. మావయ్య చేతులు ఖాళీ. దక్షిణపు గాలి గోరువెచ్చగా తగులుతోంది. దానికి వీపు పెట్టి నిలబడి అరచేతులు చరిచాడు. ఏ చాటింపైనా 'మునసబుగారి ఉత్తర్వు' అని మొదలవ్వాలి. అలా మొదలవ్వలేదు.

"నేను చెప్తన్నానర్రా! ఉత్తరపు చలి దిగతంది. ఎనకాలే వాన. లంకలో మినుము కుప్పెట్టుకోండి. ఇవాళే!"

ముందు చిన్నాన్నే నోరు విప్పాడు.

"డప్పేది బావా?"

"లేదు."

"ఉత్తర్వెవరిది?"

"ఎవరిదీ కాదు. నేనే చెప్తన్నాను."

"నువ్వా!" చిన్నాన్న పకపకా నవ్వాడు. "శివరాత్రెళ్ళేక చలేంటి బావా? నీకు గాని జొరమొచ్చిందా? పొద్దున్నే చెమట కారతా ఉంటే... డప్పు లేని చాటింపు కూడా ఓ చాటింపేనా?"

అందరూ నవ్వారు. మావయ్య నవ్వులన్నీ అయ్యేదాకా ఆగాడు. "నేనెప్పుడన్నా నా సొంతానికి మిమ్మల్ని పిలిచేనా? ఇదొక్కసారి పిలిచేను. ఇంక మీ ఇష్టం," అన్నాడు. అత్తని వెంటబెట్టుకుని రేవు వైపు నడిచాడు. మేం కొన్ని ఇళ్ళవాళ్ళం వెనక వెళ్ళాం. మిగిలినవాళ్ళు మునసబుగారి చేలోకి వెళ్ళారు, చిన్నాన్న అందరికంటే ముందు.

మధ్యాహ్నానికి గాలి ఆగిపోయింది. ఆకు కదల్లేదు. మేం కుప్పల మీద తాటాకు కప్పుతుండగా ఉత్తరం నుంచి ఒక్క విసురు విసిరింది. ఒంటి మీది చెమట అక్కడికక్కడే మంచయింది. ఒక ప్రవక్తకి వాన అరచేయంత మబ్బుగా కనబడిందట. మాకు అంత మర్యాద కూడా చెయ్యలేదు, ఆకాశమంతా ఒకేసారి బూడిదయింది. అత్త పళ్ళు టకటకమంటుంటే మావయ్య తన తువ్వాలు ఆమె మీద కప్పి, "వచ్చిందే మహాతల్లి," అన్నాడు. మా కుప్పలు అయ్యాయి. చినుకు మొదలైంది. అప్పుడు మావయ్య చిన్నాన్న చేలోకి దిగాడు. నవ్విన మనిషి చేలోకి! తడుస్తూ, వణుకుతూ, చేతనైనంత ఎత్తి పోగేశాడు. మేమూ దిగాం. వానతో పందెం వేసి ఎంత ఎత్తగలం?

కొన్ని రోజులకి వాన వెలిసి ఎండ వచ్చేసరికి లంకలో మినుము తెల్లగా మొలకలెత్తి ఉంది. చిన్నాన్న నెత్తిన చేతులు పెట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు. అప్పుడన్న మాట నేను చచ్చేదాకా మరవను.

"డప్పేసుంటే వచ్చేవోణ్ణి కదా బావా!"

విన్నారా? అదే నోరు. అదే గొంతు. ఇన్నేళ్ళు ఆ నోటి మాట మీద గొడ్లు కట్టుకున్నారు, ధాన్యం కప్పుకున్నారు. ఒక్క పొద్దు చచ్చిన దూడ తోలు పక్కన లేకపోతే ఆ నోరు చెల్లకుండా పోయింది! మనం మనిషిని నమ్మం. మనిషి వెనకున్న సావిడిని నమ్ముతాం. ఈ సంగతి మునసబుగారికి మనకంటే బాగా తెలుసు. అందుకే ఆయన మావయ్య నోరు కట్టలేదు, డప్పు ఉంచుకున్నారు. కబురు దాచిన పాపం ఆయనదే, దానికి లెక్క పైన చెప్పుకుంటారు. మరి చెవులారా విని నవ్విన పాపం? ఎండలో ఓడ కడుతున్న ముసలాయన్ని చూసి నవ్వినవాళ్ళ పేర్లు వాక్యంలో లేవు. ఎందుకుండాలి? ఖాళీ వదిలాడు, మన పేర్లు వేసుకోవచ్చు.

మావయ్య చాటింపు పోయింది. దానితో వచ్చిన చెక్క భూమి పోయింది. డప్పు తిరిగి ఇవ్వలేదు. నేను వెళ్ళి అడిగితే, "నువ్వు దేవుడి పని చూసుకో నాయనా," అన్నారు మునసబుగారు, మజ్జిగ ఇప్పించి మరీ. ఆ తరవాత మావయ్య కొబ్బరి పీచుతో తాళ్ళు పేనుకుని బతికాడు. మా రేవులో పడవలు ఈవేళకీ ఆ తాళ్ళకే కట్టి ఉంటాయి. కొత్త చాటింపువాడు మంట వేసినప్పుడల్లా పేనుతున్న తాడు పక్కన పెట్టి వచ్చి, చేతులు కాచుకుని, "గాలికి వీపెట్టు నాయనా, గొంతు దాచుకో," అని అతనికీ నేర్పాడు. చిన్నాన్నతో మళ్ళీ మామూలుగానే పరాచికాలు ఆడాడు. ఆయనకి ఎవరి మీదా కోపం లేదు. ఉన్నదంతా నాకే వదిలి వెళ్ళాడు.

అందుకే ఆ రోజు పాడె ముందు, 'మాట జవదాటలేదు' అన్నప్పుడు, నేను నోరు తెరవబోయాను. అత్త చేత్తో ఆపింది.

"డప్పు ఊరిదండి బాబుగారూ, పట్టుకెళ్ళిపోండి. ఒకసారి అది లేకుండానే పిలిచేరండి ఆయన. అది లేకుండానే ఎల్తారు."

బాబుగారికి అర్థం కాలేదు. తండ్రి చెప్పి ఉండరు. ఆ ఇంట్లో కబుర్లు దాచే అలవాటుంది కదా. డప్పుని అరుగు మీదే వదిలి, దండం పెట్టి వెళ్ళిపోయాడు. మేం చప్పుడు లేకుండా మోసుకెళ్ళాం.

మర్నాడు పొద్దున ఉత్తరపు గాలి ఇంకా కోస్తూనే ఉంది. లేచి చూస్తే పేట మొగలో తాటాకు మంట. చిన్నాన్న వేశాడు. ఎవరినీ పిలవలేదు. ఒక్కొక్కరే దుప్పట్లు కప్పుకుని వచ్చారు. చాటింపు లేదు, కబురూ లేదు. చేతులు మంట వైపు చాపి, గాలికి వీపు పెట్టి, అందరం ఒకే వైపు నిలబడ్డాం, ఎవరైనా ఏదైనా చెబుతారేమో అన్నట్టు. మావయ్య ఇంటి అరుగు చివర డప్పు అలాగే ఉంది. రాత్రి జల్లుకి తడిసి తోలు వదులైపోయింది. దాన్ని మంట దగ్గరికి ఎవరూ తేలేదు.