మంచు కాలపు మంట

గోకవరం దాటి కొండల్లోకి వెళ్లే దారిలో, వాగు ఒడ్డున ఉన్న చిన్న పల్లెలో వీరమ్మ పుట్టింది. అక్కడే సత్తియ్యను కట్టుకుంది, అక్కడే ముసలిదయింది. ఆ ఊరివాళ్లకు కొండే పొలం. శీతాకాలంలో బోదగడ్డి కోసి, మోపులు కట్టి, ఇళ్ల కప్పులు నేసుకునేవాళ్ల కోసం రాజమండ్రికి బళ్ల మీద పంపేవారు. కోత అయ్యాక, ఇంకా మంచు కురుస్తూ ఉండగానే, మిగిలిన మోళ్లకు నిప్పు పెట్టేవారు. ఆ తడి మీద మంట చీలమండ ఎత్తున పాకి, సాయంత్రానికి దానంతట అదే ఆరిపోయేది. నాలుగు చినుకులు పడితే పశువులకు లేతగడ్డి లేచేది. చిన్నప్పుడు వీరమ్మ పచ్చికొమ్మ పట్టుకుని అన్న చిట్టియ్య వెనకే తిరుగుతూ, పక్కకు జారే నిప్పును కొట్టేది. తల్లి లేని ఆ పిల్లను పెంచింది ఆ అన్నే.

తర్వాత సర్కారు ఆ కొండను అడవిలో కలుపుకుని చుట్టూ హద్దురాళ్లు పాతించింది. గడ్డి కోసుకోనిచ్చారు గాని నిప్పు మాత్రం పెట్టకూడదన్నారు. సత్తియ్యకు అడవి కాపలా పని దొరికింది. ఆ పల్లెలో నెలజీతం వచ్చే ఇల్లు అదొక్కటే.

ఒక ఏడు మాఘంలో కొండ మీద పొగ లేచింది. రేంజరు గుర్రం మీద నేరుగా సత్తియ్య గుమ్మం ముందుకే వచ్చాడు.

"ఎవడు పెట్టాడు?"

"నాకు తెలీదండి," అన్నాడు సత్తియ్య తల వంచుకుని.

"కాపలావాడివి, నీకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదు."

గుమ్మంలో నిలబడ్డ వీరమ్మ నోటినుంచి మాట జారిపోయింది. "మా అన్నయ్యండి. చిట్టియ్య."

నాలుగు చీవాట్లు పెట్టి వదిలేస్తారనుకుంది. సత్తియ్య పని నిలిచింది గాని, చిట్టియ్యను రాజమండ్రి జైలుకు తీసుకుపోయారు.

వానలకు ముందు అతను బాగా చిక్కిపోయి తిరిగొచ్చాడు. వీరమ్మ చెంబుతో నీళ్లు పట్టుకుని ఎదురెళ్లింది.

"కాళ్లు కడుక్కో అన్నయ్యా."

"ఎవరో ఒకరు చెప్తారనుకున్నాను గానీ, నువ్వు చెప్తావనుకోలేదమ్మా," అన్నాడు. గొంతులో కోపం లేదు. నీళ్లు మాత్రం ముట్టుకోలేదు.

కొన్నాళ్లకే కాకినాడ రేవులో రంగూను ఓడ ఎక్కడానికి బయల్దేరాడు. సాగనంపడానికి ఊరంతా వాగు దాకా వెళ్లింది. వీరమ్మ దొడ్లో పిడకలు చేస్తూ ఉండిపోయింది. వెళ్లి కాళ్ల మీద పడితే ఆగేవాడేమో అన్న ఆలోచన ఆ తర్వాత ఆమెను వదల్లేదు.

చిట్టియ్య జైలుకెళ్లాక మరెవరూ నిప్పు పెట్టలేదు. మొదట్లో కొండ పచ్చగా కమ్ముకుంటే రేంజరు సత్తియ్యను మెచ్చుకున్నాడు. ఏళ్లు గడిచేకొద్దీ ఎండాకు మోకాలి లోతున పేరుకుంది. పాతగడ్డి కాడ మీదే ఎండి కుళ్లుతుంటే కొడవలికి కొత్తగడ్డి దొరికేది కాదు. చెట్ల మధ్య ముళ్లపొదలు అల్లుకుపోయాయి.

"ఆ ఎండాకు చూస్తే భయమేస్తోందయ్యా. రేంజరు గారితో ఓ మాట చెప్పకూడదా?" అంది వీరమ్మ ఒకనాడు.

"ఏంటి చెప్పేది? నిప్పు పెట్టాడనే కదా మీ అన్నను పట్టించావు!"

ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు. తనైనా వెళ్లి చెప్పి ఉండవచ్చు. ఏ మొహం పెట్టుకుని చెప్పాలో తెలియలేదు.

ఒక వైశాఖంలో, వడగాలి వీస్తున్న పట్టపగలు, అవతలి లోయలోంచి మంట వచ్చింది. ఎలా పుట్టిందో ఎవరికీ తెలియదు. ఎండాకు అందుకుని, పొదల మీదుగా చెట్ల తలలకెక్కింది. పెద్ద పెద్ద మద్దిచెట్లు పెళపెళ పగిలిపోయాయి. కొమ్మలతో కొట్టబోయిన సత్తియ్య చేతులు రెండూ కాలాయి. ఆ వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు, కాపలా పనీ పోయింది. తొలివానకు బూడిదా మట్టీ కలిసి వాగులోకి దిగిపోయి, పైవాలున రాళ్లు తేలాయి.

కొత్తగా వచ్చిన రేంజరు టేకు విత్తనాలు నాటించాడు. ఆ కూలికి వీరమ్మ కూడా వెళ్లింది. పైన నాటినవన్నీ కొట్టుకుపోయాయి. కింది వాలున మాత్రం కాలిన ఇప్ప మొదళ్ల నుంచీ మద్ది మొదళ్ల నుంచీ చిగుళ్లు పొడిచాయి. అయితే మేకలు వాటిని బతకనిచ్చేలా లేవు. ఆమె ఇంటింటికీ వెళ్లి మేకలను వాగు అవతల మేపుకోమని బతిమాలింది. "మీ ఆయన ఉద్యోగం పోయినా నీ పెత్తనం పోలేదే," అన్నారు కొందరు. అయినా రోజూ కర్ర పట్టుకుని తనే కాపలా కాసింది.

మంచు కాలం రాగానే రేంజరును ఆపి అడిగింది. "హద్దు పొడవునా సన్నగా కాల్చనివ్వండి బాబూ. తడి ఉన్నప్పుడే."

ఆయన మనుషుల్ని దగ్గర పెట్టుకుని కాల్చమన్నాడు. చిట్టియ్యను జైలుకు పంపిన పనే ఇప్పుడు రేంజరు అనుమతితో జరిగింది. ఊరివాళ్లు నిప్పు పెడుతుంటే వీరమ్మ కాస్త దూరంగా కూర్చుని ఏడ్చింది.

ఆ తర్వాత రెండేళ్లకు పెద్దిరాజు రంగూను నుంచి తిరిగొచ్చాడు. చిట్టియ్యతో కలిసి అక్కడి బియ్యం మిల్లులో పనిచేసినవాడు. చిట్టియ్య కలరాతో పోయాడని చెప్పాడు.

"నన్నేమైనా అన్నాడా?" అని అడిగింది వీరమ్మ.

"నీ పేరెప్పుడూ ఎత్తలేదమ్మా. మనూరి నుంచి ఎవరొచ్చినా కొండ సంగతే అడిగేవాడు. ఈ ఏడు కాల్చారా అని."

వీరమ్మ అతనికి మజ్జిగ ఇచ్చి పంపింది.

కింది వాలున ఇప్పలు పూతకొచ్చేదాకా ఆమె బతికే ఉంది. పైవాలున చెట్టన్నది మళ్లీ లేవలేదు. చూడ్డానికి వచ్చిన అధికారులు కింది అడవిని మెచ్చుకుంటూ ఉంటే, ఆమె వాళ్లవైపు తిరక్కుండా మేకలను వాగువైపు తోలుకుంటూ పోయేది.