ఎరువుగుంటకు సన్మాన దండలు

ఊరికే ఇచ్చే వేరుశనగ పొట్టును నూనె మిల్లువాళ్లు ఇప్పుడు అమ్ముకుంటున్నారు. నా పెరటి ఎరువుగుంటలో వేయడానికి ఏమీ దొరక్క, ఈ రోజు హిందూపురంలో పక్కింటి పండితుడి సన్మానానికి వెళ్లాను. కంపు కొడుతోందని, నా గుంటను పూడ్పించమని మునిసిపాలిటీకి అర్జీ పెట్టిన మహానుభావుడాయన. ప్రసంగాలన్నీ ఓర్చుకుని, చివర వేదిక మీద వదిలేసిన పూలదండలను సంచిలో కుక్కుకుంటుంటే ఆయన చూశాడు.

“ఏమప్పా, నా దండలు దాచుకుంటాండావా? నేనంటే నీకు గిట్టదనుకుంటి,” అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

“వాటికి మా ఇంట్లో మంచి తావు చూసి పెట్టినా సామీ,” అన్నాను.

రేపు వచ్చి ఆ తావు కళ్లారా చూస్తాడట. రమ్మనక ఏం చేయను, మీరే చెప్పండి. ముక్కుకు అడ్డం పెట్టుకోవడానికి ఈ రోజు కప్పిన శాలువా ఆయన దగ్గర ఉండనే ఉంది.