గంజి పెట్టిన తెరచాప

ఆ రోజుల్లో మా ఇంట్లో దేవుడికి దీపం పెట్టడం మరిచినా ఫరవాలేదు గానీ, గుడ్డకి గంజి పెట్టడం మరవకూడదు. బెజవాడలో మాది నేత ఇల్లు. గంజి లేని గుడ్డ గడప దాటితే మా నాన్నకి తల కొట్టేసినట్టుండేది. (నేను లేచినా నా పరికిణీలు కూర్చునే ఉండేవి.) అలాంటి ఇంట్లో పుట్టిన మా అన్నయ్యకి మగ్గం గుంటలో కాలు పెడితే నిద్రొచ్చేది, కృష్ణలో పడవెక్కితే మెలకువొచ్చేది. తర్వాత మద్రాసులో, బొంబాయిలో చిన్న తెరచాప పడవల పందేలు గెలిచి కప్పులు మోసుకొచ్చాడు. మొదటి పందెం సంగతి అడిగితే మాత్రం నవ్వి ఊరుకునేవాడు. కారణం నేను.

ఆనకట్టకి ఎగువన ఆ పందెం. పడవని ఆనకట్ట ఓవర్సీరుగారు ఇచ్చారు. దాని తెరచాప చిరిగిపోతే అన్నయ్య మా ముతక గుడ్డతో కొత్తది కుట్టుకున్నాడు. నాన్నది ఒకటే మాట: "గెలిస్తే నీ ఇష్టం. ఓడితే నోరెత్తకుండా మగ్గంలో దిగు." నాకప్పుడు పద్నాలుగేళ్లు. వాడు గెలవాలని ఎంత ఆరాటమో! అందరి ముందూ మనింటి గుడ్డ నలిగి వేలాడితే ఎలా అనుకుని, ముందురోజు వాడు లేనప్పుడు చాపని చిక్కటి గంజిలో ముంచి ఎండేశాను. (తెలివి అలా పొంగిపొర్లేది.)

తెల్లారి రేవులో చాప విప్పితే అప్పడంలా ఫెళఫెళమంది. అన్నయ్య నా వంక చూశాడు. మరో చాప లేదు, టైమూ లేదు, కట్టేశాడు. గాలొస్తే అది ఉబ్బదే! రేకులా నిలబడింది. నడి ఏట్లో నీళ్లు చిందేసరికి గంజి కరిగి వాడి నెత్తిన కారడం మొదలెట్టింది. తాడు జారుతోంది, కళ్లు కనపడవు. గట్టు మీద ఎవరో, "అబ్బాయి పడవ నడుపుతున్నాడా, అన్నం వారుస్తున్నాడా అండీ?" అన్నారు. అందరూ నవ్వారు. వాడే ఆఖరు.

ఇంటికొచ్చాక నాన్న ఏమైందిరా అంటే, "నాకే చేతకాలేదు నాన్నా" అని తలొంచుకుని మగ్గంలో దిగాడు. నా పేరెత్తలేదు. ఒక్క మాట చాలు వాడు బయటపడ్డానికి, అది నా నోట్లోనే ఉంది, రాదే! రెండు రోజులు అన్నం సయించలేదు. మూడోనాడు నాన్న కాళ్ల దగ్గర కూలబడి చెప్పేశాను.

నాన్న నన్ను లేవదీసి, "ఆ గంజి నేర్పింది నేనే కదమ్మా" అన్నాడు. చాప భుజానేసుకుని రేవుకెళ్లి, బండ మీద తనే ఉతికాడు, గంజి చుక్క మిగలకుండా. తెచ్చి మగ్గం పక్కన పెట్టి, "లేవరా, పడవ దగ్గరికి పో" అన్నాడు.

అన్నయ్య పోయి చాలా ఏళ్లయింది. వాడి కప్పులు చూడ్డానికొచ్చినవాళ్లకి ఈ కథ నేనే చెబుతాను, అందరూ పడీపడీ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. వాడు మగ్గంలో కూర్చున్న ఆ రెండు రోజుల దగ్గరికొచ్చేసరికి మాత్రం, ఈ వయసులోనూ, ఆ పద్నాలుగేళ్ల పిల్లని భుజం పట్టుకుని ముందుకు తొయ్యాలనిపిస్తుంది: వెళ్లు, ఇవాళే చెప్పెయ్యవే పిచ్చిదానా.