తాతయ్య అక్కనే అడిగేవాడు

నా చిన్నప్పుడు, ఐరాల దగ్గర మా ఊళ్ళో, తుపాను కబురు కావాలంటే అందరూ మా పెదనాయన కూతురినే అడిగేవారు. అక్క నాకంటే కాస్త పెద్దది, అంతే. రేడియోకు చెవి ఆనించి, వాయుగుండం ఎక్కడుందో విని, గోడమీది పటంలో వేలు పెట్టి చూపించేది. తాతయ్య ఆ వేలు వంకే చూసేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

మాకు బెల్లం గానుగ ఉండేది. పొయ్యిలోకి ఎండిన చెరకు పిప్పే వేసేవారు. అది తడిస్తే పొయ్యి రాజుకోదు, కొట్టిపెట్టిన చెరకు పాడవుతుంది. అందుకే అక్క మాటకు అంత విలువ.

ఒకరోజు అక్క, తుపాను మన వైపే వస్తోందంది. ఆమె వస్తుందంది కాబట్టి నేను రాదన్నాను. తాతయ్య గానుగ ఆపించి, ఆరబోసిన పిప్పిని కుప్ప వేయించి కప్పించాడు. మర్నాడు పొద్దున్నే, ఎవరూ అడక్కముందే, అక్క పరుగున వచ్చింది.

"తాతా, అది ఉత్తరానికి మళ్ళుకునిందంట. నేను చెప్పింది తప్పిపాయ."

ఆ రోజంతా ఎండ కాసింది. ఆగిన చెరకు వాడిపోయి, ఆ విడత బెల్లం నల్లగా, జిగటగా దిగింది. ఊళ్ళో అందరూ అక్కను ఆటపట్టించారు. నాకు మాత్రం పండగే. ఇక తాతయ్య నన్నే అడుగుతాడని గానుగ చుట్టూ తిరిగాను.

మళ్ళీ వాయుగుండం పట్టినప్పుడు ఆయన నన్ను దాటుకుని వెళ్ళి, "ఈపొద్దు యాడుండాదంట పాపా?" అని అక్కనే అడిగాడు. ఏడుపు ఆపుకోలేక, తప్పు చెప్పినదాన్నే ఎందుకు అడుగుతావని నిలదీశాను. ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"నువ్వు అక్క మొగం సూసి చెప్తివి. అది తుపానును సూసి చెప్పింది. తుపాను దారి మారేదే. మారిందని వచ్చి చెప్పేవాళ్ళు కావల్ల నాకు."

చేతిలో వేడి బెల్లం ముద్ద పెట్టి, అక్కకూ సగం ఇమ్మన్నాడు. అది ఇంకా మంట.

ఇప్పుడు మా మనవరాలు ఫోనులో తుపాను దారి చూపిస్తుంది. ముందుకు పోయేకొద్దీ ఆ గీత వెడల్పవుతుంది, ఎటైనా మళ్ళవచ్చని. నాకు తాతయ్య గుర్తొస్తాడు. పూటపూటకూ మళ్ళీ చూస్తుంటాను, నిన్నటి మాట మారిందని రేణిగుంటలో ఉన్న అక్కకు నేనే ముందుగా చెప్పాలని. చాలాసార్లు ఆమె ఫోనే ముందు మోగుతుంది. ఈ వయసులోనూ ఒళ్ళు మండుతుంది.